బోరు నీళ్ళు, తెల్ల పట్టు

దసలి పట్టు పుట్టుకతోనే తేనె రంగులో ఉంటుంది. ఆ రంగును అందరూ మెచ్చుకుంటారు. కొనేటప్పుడు మాత్రం తెల్లది చూపించమంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలో ప్రభుత్వం ఒక ఉద్యోగం పెట్టింది. భద్రాచలం నుంచి పర్ణశాలకు వెళ్ళే దారిలో ఉండిన దసలి పట్టు కేంద్రంలో ఆ ఉద్యోగం నాది. ఎనభైల మొదట్లో జౌళి రసాయనాల్లో డిప్లొమా చేసి, ప్రతి విషయాన్నీ ఒకటి, రెండు, మూడు అని విడగొట్టి చూసే అలవాటుతో చేరాను. ఆ అలవాటు కేంద్రంలో ఎవరికీ నచ్చలేదు. రిటైరయ్యే దాకా నన్నూ వదల్లేదు.

ఇదే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో ఇందులో ఉండదు. అది నాకు చివరిదాకా అంతు పట్టలేదు.

పని ఎవరిది, మాట ఎవరికి

కేంద్రంలో పని నాలుగు చేతులు మారుతుంది. అడవి అంచు గూడేలవాళ్ళు మద్ది చెట్ల మీద పురుగులను పెంచి, అవి అల్లిన గూళ్ళను, అంటే పట్టుకాయలను, తెస్తారు. ఆడవాళ్ళు ఆ కాయలను ఉడకబెట్టి తొడ మీద దారం తీస్తారు. ఆ దారాన్ని నేను తెల్లబరుస్తాను. నేతగాళ్ళు నేస్తారు.

వీళ్ళందరిలో పట్టును పాడుచేసే అవకాశం ఎక్కువగా ఉన్నది మూడోవాడికి. పాడైతే మాట పడే అవకాశం ఎక్కువగా ఉన్నది రెండోవాళ్ళకు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ముందే చెబుతున్నాను.

పట్టు లోపల

పట్టు ప్రోటీన్. అంటే అమైనో ఆమ్లాలు అనే చిన్న పూసలను గుచ్చిన దండ. అలాంటి దండలు లెక్కలేనన్ని పక్కపక్కన ఒత్తుకుని ఉంటే అది దారం. తెల్లబరచడానికి మేం వాడేది హైడ్రోజన్ పెరాక్సైడ్. వేడినీళ్ళలో కాస్త సోడా కలిపి, పెరాక్సైడ్ పోసి, చుట్టలు చుట్టిన దారపు లడులను ముంచుతాం. పెరాక్సైడ్ నుంచి చురుకైన ఆక్సిజన్ నెమ్మదిగా బయటికొస్తుంది. నెమ్మదిగా వచ్చినంతసేపు అది ముందు రంగు మీదికే పోతుంది. మనకు కావలసిందీ అదే.

ఇబ్బంది అంతా ఇనుముతో. నీళ్ళలో ఇనుము కొద్దిగా కరిగి ఉన్నా పెరాక్సైడ్ కుదురుగా ఉండదు. ఒక్కసారిగా విరుగుతుంది. విరిగినప్పుడు పుట్టే తునక మహా దుడుకుది. ఎదురైన మొదటి దాన్ని పట్టుకుంటుంది, అది రంగా పట్టా అని చూడదు. టైరోసిన్ అనే పూసను పట్టుకుంటే పట్టు పసుపెక్కుతుంది. దండను మధ్యలో పట్టుకుంటే దండ తెగుతుంది. పైకి ఏమీ కనపడదు. తెల్లగా, మెత్తగా, అందంగా ఉంటుంది. బలం మాత్రం ఉండదు.

ఇక నీళ్ళ సంగతి. పట్టు పొడిగా ఉంటే దండలు దగ్గరగా బిగిసి ఉంటాయి, బయటిది ఏదీ అంత తేలిగ్గా లోపలికి పోలేదు. తడిస్తే దారం ఉబ్బుతుంది, సందులు ఏర్పడతాయి. నీళ్ళతో పాటు నీళ్ళలో ఉన్నదంతా లోపలికి పోతుంది. కాబట్టి పట్టును తెల్లబరిచేది పెరాక్సైడే అయినా, అది బతుకుతుందా లేదా అన్నది నీళ్ళు తేలుస్తాయి.

నేతగాడు భిక్షపతి వరంగల్లు వైపు నుంచి వచ్చి మా దగ్గర మగ్గం పెట్టుకున్నవాడు. తడి లడులను ఎర్రటి ఎండలో ఆరేసేవాడు. తడి మీద ఎండ తగిలితే ఇదే ఆక్సిజన్ గొడవ మొదలై పట్టు పసుపెక్కుతుందని, నీడలో ఆరేయమని చెప్పాను.

"పొడి పట్టు దుకాణం అద్దాల వెనక ఏడాదంత ఎండల ఉంటది గద సారు, దానికేం గాలే?" అన్నాడు.

"పొడిది కాబట్టే కాలేదు."

"అంటే ఆరినంక ఎండల పెట్టాలె, ఆరకముందు నీడల పెట్టాలె. మీ సదువు మంచిగనే ఉంది సారు. ఆరినంక ఇగ ఎండెందుకు?"

నవ్వుకుంటూనే లడులన్నీ నీడలోకి మార్చాడు. ఈ ఉద్యోగంలో నేను తేలిగ్గా గెలిచింది అదొక్కటే.

మేనేజరు గారి బోరు

మొదట్లో నీళ్ళు గోదావరి నుంచి టైరు బండి మీద ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వచ్చేవి. వానాకాలం బురద నీళ్ళను తొట్టిలో పోసి, పటిక తిప్పి, తేరిన తర్వాత వాడేవాళ్ళం. బండి ఆలస్యమైతే పని ఆలస్యం. మేనేజరు రాఘవయ్య గారికి ఇది నామోషీగా ఉండేది.

రాఘవయ్య గారు సత్తుపల్లి వైపు రైతు కుటుంబం వారు. మంచివారు, కష్టపడేవారు. ఆయన గురించి ఇంకొకటి కూడా చెప్పాలి: అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ భూమిలో నీళ్ళెక్కడున్నాయో చెప్పగలరు. కాయ నిలబడిన చోట నీళ్ళుంటాయి. వాళ్ళ పొలాల్లో బోర్లన్నీ అలాగే పడ్డాయట. కేంద్రానికి బోరు మంజూరైనప్పుడు భూగర్భ జలాల వాళ్ళు రాకముందే ఆయన చెప్పులు విడిచి, కాయ పట్టుకుని ఆవరణంతా తిరిగారు. రంగుల షెడ్డు వెనక కాయ లేచి నిలబడింది. అక్కడే వేశారు. నీళ్ళు పడ్డాయి. జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చి చేతి పంపుకు దండ వేసి, నాలుగుసార్లు కొట్టి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళాడు.

నీళ్ళు తేటగా వచ్చేవి. బకెట్లో కాసేపు ఉంచితే లేత ఎరుపు తేలేది. ఆ నీళ్ళతో పెట్టిన టీ నల్లగా అయ్యేది. రాఘవయ్య గారు ఆ టీ తాగి, "స్ట్రాంగ్ అంటే ఇదీ! గోదావరి నీళ్ళ టీ చప్పగా ఏడిచేది," అనేవారు.

బోరు నీళ్ళతో బ్లీచింగ్ మొదలుపెట్టిన రోజు తొట్టి పాల గిన్నెలా పొంగింది. నురగ అంచులు దాటింది. నేను నీళ్ళు పరీక్షకు పంపాలన్నాను. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి మురిసిపోయారు.

"చూశావటోయ్ అబ్బాయ్, మందు ఎట్లా పని చేస్తందో! ఇన్నాళ్ళూ ఆ గోదావరి నీళ్ళలో నిద్రపోయింది."

"పొంగకూడదు సార్. పొంగితే మందు ఊరికే పోతోందని అర్థం."

"ఊరికే పోతే ఇంకాస్త పోయి."

పోశాం. ఇంకా పొంగింది. దారం ఎన్నడూ లేనంత తెల్లగా వచ్చింది. ఆ తెల్లదనం చూశాక నీళ్ళ పరీక్ష గురించి ఎవరూ వినలేదు. ఇక్కడొక మాట గుర్తుంచుకోండి. మన పనిలో చెడ్డ ఫలితం మొదటి రోజు చాలా అందంగా ఉంటుంది.

చిరుగు

రెండు నెలలు తిరక్కముందే పట్నం దుకాణం నుంచి చీరలు వెనక్కి వచ్చాయి. మడత మీద చిరిగాయి. ఇక్కడ మగ్గం మీద పడుగు కూడా తెగుతోంది. రాఘవయ్య గారు అందరినీ దారం తీసే హాల్లోకి పిలిచారు.

ముత్తమ్మ ఆ హాలుకు పెద్ద. కోయ గూడెం నుంచి ఆడవాళ్ళను పోగుచేసి ఈ కేంద్రానికి తీసుకొచ్చింది ఆమే. చంటిపిల్లల తల్లులు పిల్లలను పక్కన గోనె మీద పడుకోబెట్టుకుని దారం తీసేవాళ్ళు.

రాఘవయ్య గారు చిరిగిన చీరను పైకెత్తి పట్టుకున్నారు. "నీళ్ళు కొత్తవి, తేటవి. మందూ మగ్గం పాతవే. మిగిలింది ఏంటి? దారం. తొడ మీద తీసిన దారం ఎంతకని ఆగుద్ది? నవమి అయ్యాక ఈ హాలు మూసేసి బయట నుంచి మిల్లు దారం తెప్పిస్తాను. పై అధికారి గారు కూడా అదే అన్నారు."

ముత్తమ్మ లేచి చీర అంచు పట్టుకుంది. "మా దారం ఇయ్యాల కొత్తగ తీస్తున్నమా సారూ? నిరుడు చిరగలే, మొన్న చిరగలే. మేమిచ్చినప్పుడు తెగలే. ఆ నేసేటాయన ఎట్ల గుంజిండో అడుగుండ్రి."

"నన్నెందుకు గుంజుతవ్ అక్కా?" అన్నాడు భిక్షపతి. "మగ్గం మీద నీ దారం సేమ్యా లెక్క తెగుతాంది."

"సేమ్యా అయితే వండుకొని తిను. మూతి తియ్యగనన్న అయితది."

అందరూ నవ్వారు, రాఘవయ్య గారు తప్ప. ఆయన నిర్ణయం మారలేదు.

ఆయన వెళ్ళాక ముత్తమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది. నన్ను మందు సారు అనేవాళ్ళు.

"మందు సారూ, హాలు మూస్తే మేం అడవిల వెదురు నరికే కూపులకు పోవాలె. ఈడ నీడ ఉన్నది, పిల్లను పక్కన పండబెట్టుకుంటం. కూపుల పిల్లనేడ పండబెడ్తం, వెదురు పొదల్నా? నీ మందే మా దారాన్ని తిన్నదని మా ఆడోళ్ళంత అంటుండ్రు. ఔనా కాదా?"

"సగం అవును," అన్నాను. "మందు తిన్నది. తినమని చెప్పింది మాత్రం మందు కాదు, ఇంకేదో."

"సగం మాట నాకెందుకు? జల్దీ మొత్తం జెప్పు."

ఇసుక డబ్బా, కరక్కాయ

ముత్తమ్మ చేత్తో తీసిన ఒక లడినే మూడు ముక్కలు చేశాను. ఒకటి తెల్లబరచకుండా ఉంచాను. ఒకటి బోరు నీళ్ళలో, ఒకటి గోదావరి నీళ్ళలో, అదే మందు, అదే వేడి, అంతే సేపు ఉంచి తెల్లబరిచాను. ఆరాక ఒక్కో దారానికి ఖాళీ డబ్బా కట్టి, తెగేదాకా ఇసుక పోశాను. తెల్లబరచనిది బాగా మోసింది. గోదావరిది దానికి కాస్త తక్కువగా మోసింది. బోరుది డబ్బా అడుగు కనబడుతుండగానే తెగింది. మళ్ళీ మళ్ళీ చేసినా అంతే.

తర్వాత కరక్కాయ మరిగించి రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో గోదావరి నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు కలిపాను. కరక్కాయ ఒగరు ఇనుము తగిలితే నల్లబడుతుంది. మొదటిది రంగు మారలేదు. రెండోది సిరా అయింది. గ్లాసులు రెండూ పట్టుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్ళాను. ఇనుము గురించి, ఆక్సిజన్ గురించి, అమైనో ఆమ్లాల గురించి కాగితం మీద సమీకరణాలు వేసి వివరించాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. నల్ల గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశారు.

"బావుందయ్యా. రేపటి నుంచి ఆఫీసుకి సిరా కొనక్కర్లేదు."

"సార్, ఈ నీళ్ళు పట్టుకు పనికిరావు."

"ఈ నీళ్ళు నేను తాగుతున్నా. నువ్వు తాగుతున్నావు. మనకేమన్నా అయిందా? మనిషి తాగే నీళ్ళు పురుగు కక్కిన దారానికి పనికిరావా?"

"మనం పెరాక్సైడ్ కలుపుకుని తాగం కదా సార్."

"అబ్బాయ్, ఆ బోరు పాయింటు నేను పెట్టింది. మా ఊళ్ళో ఇప్పటిదాకా ఒక్క పాయింటు తప్పలేదు. వెళ్ళి పని చూసుకో."

ఇనుమును నీళ్ళలోనే పట్టి కట్టిపడేసే రసాయనం ఒకటి ఉంది. అది తెప్పించమని అడిగాను. అది తెప్పిస్తే నీళ్ళలో ఇనుము ఉందని ఒప్పుకున్నట్టు అవుతుంది. కాబట్టి రాలేదు.

పై అధికారులకు నిరూపణ చూపిస్తే సరిపోతుందని చదువుకునే రోజుల్లో అనుకుంటాం. ఆయనకు నా నిరూపణ పూర్తిగా అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఒప్పుకోలేకపోయారు. నేను సమీకరణంలో ఇనుము పక్కన ఆయన కొబ్బరికాయను కూడా రాశానని నాకప్పుడు తట్టలేదు.

స్వామివారి పంచె

నవమి దగ్గర పడింది. కేంద్రం తరఫున గుడికి ఒక తెల్లటి దసలి పంచె ఇవ్వాలని రాఘవయ్య గారి కోరిక. హాల్లో ఆడవాళ్ళు తీసిన దారమే బయటికి తీయించి షెడ్డుకు వచ్చారు. నేను ఈసారి గ్లాసులు ముట్టుకోలేదు.

"సార్, స్వామివారి బట్టకి బోరు నీళ్ళేంటండీ, గోదావరి ఇక్కడే ఉండగా?" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "నిజమే సుమా! నాకెందుకు తట్టలేదు?" అంటూ అప్పటికప్పుడు టైరు బండిని పంపారు. తలంటు పోసుకుని వచ్చి దగ్గరుండి చేయించారు. తొట్టి పొంగలేదు. దారం పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కుదురుగా కూర్చుంది. భిక్షపతి ఒక్క పోగు తెగకుండా పంచె నేశాడు. రాఘవయ్య గారు బొటనవేళ్ళతో బట్టను అటూ ఇటూ లాగి చూశారు. చిరగలేదు. ఇంకా గట్టిగా లాగారు. కళ్ళు చెమర్చాయి.

"భక్తి అబ్బాయ్, భక్తి! గోదావరి తల్లి చెయ్యి పడితే దారానికే బలం వచ్చింది. ఇక కేంద్రంలో పట్టంతా ఈ నీళ్ళతోనే."

అలా బండి మళ్ళీ మొదలైంది. బోరు టీకి మిగిలింది. హాలు మూసివేత ఆగింది. నేను వెళ్ళి ముత్తమ్మకు మొత్తం చెప్పాను, ఈసారి సగం కాదు.

ఆమె అంతా విని, "ఇప్పుడు నువ్వు పోయి తప్పు బోరుదని మళ్ళ జెప్తే ఏమైతది?" అని అడిగింది.

"బోరుది తప్పు కాదని చూపించడానికి మళ్ళీ బోరు నీళ్ళే పోయిస్తారు."

"అయితే నువ్వు ఊకో సారూ. పని ఉండనీ."

బహుమతి

నవమి తర్వాత పై అధికారి తనిఖీకి వచ్చాడు. బట్ట లాగి చూసి సంతోషించాడు. కారణమేంటని అడిగితే రాఘవయ్య గారు రెండు చెప్పారు. ఒకటి, గోదావరి మహిమ. రెండు, దారం తీసే ఆడవాళ్ళను తాను గట్టిగా హెచ్చరించడం, వాళ్ళు బుద్ధిగా పని దిద్దుకోవడం. అధికారికి రెండోదే నచ్చింది. మహిమను రిపోర్టులో రాయలేడు కదా. దిద్దుకున్నందుకు ఆడవాళ్ళకు మా తెల్ల దసలి బట్టలోంచే తలా ఒక రవికె ముక్క బహుమతి అన్నాడు. అందరినీ వరసలో నిలబెట్టారు.

మొదట ముత్తమ్మను పిలిచారు. ఆమె ముందుకు వచ్చింది కానీ చెయ్యి చాపలేదు.

"మేమేం దిద్దుకోలే సారూ. గదే చెయ్యి, గదే తొడ, గదే దారం."

"చూశారా, ఎంత వినయమో!" అన్నారు రాఘవయ్య గారు అధికారితో.

"వినయం గాదు. తప్పు జేసి మారినోళ్ళకిచ్చే బట్ట మాకెందుకు? మారింది ఎవలో ఆళ్ళకు కట్టుండ్రి." గడ్డంతో షెడ్డు వెనక బోరును చూపించింది. "గప్పుడు పట్టుకు నీళ్ళిచ్చింది. ఇప్పుడు ఇస్తలేదు. మారింది గదే."

వరసలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి హాల్లోకి వెళ్ళిపోయారు. తెల్ల రవికె ముక్కల దొంతి బల్ల మీద అలాగే మిగిలింది. అధికారి గడియారం చూసుకున్నాడు. నేను నా బూట్ల వైపు చూశాను. రాఘవయ్య గారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి తల ఊపారు. గంగమ్మకు బట్ట పెట్టమంటోందని ఆయనకు అర్థమైంది. "మంచి మాటే," అన్నారు. పసుపు, కుంకుమ తెప్పించి, పెద్ద ముక్క ఒకటి తీసి తన చేతులతో పంపు తలకు చుట్టి కట్టారు. దాని కొస నీళ్ళు కారే మూతి మీదుగా వేలాడింది.

ఎండాకాలమంతా అది అలాగే ఉంది. నీళ్ళ కోసం వెళ్ళిన ప్రతిసారీ చూసేవాణ్ణి. తల దగ్గరి పొడి భాగం తెల్లగానే ఉంది. మూతి దగ్గర తడిసీ ఆరీ, తడిసీ ఆరీ, ముందు పసుపెక్కింది. తర్వాత తుప్పు రంగుకు తిరిగింది. వానలు మొదలయ్యే వేళకు చిల్లులు పడి, ఒక పొద్దున కింది సగం ఊడి బురదలో పడింది. ముట్టుకుంటే పొడిపొడిగా విడిపోయింది.

రాఘవయ్య గారు చూసి బాధపడ్డారు. "కోతులు. పర్ణశాల దారి కదా, ఏదీ ఉండనివ్వవు. కోతులే చింపాయి."

బిందె నింపుకుంటున్న ముత్తమ్మ పంపు కొట్టడం ఆపి, తల దగ్గర చెక్కుచెదరకుండా ఉన్న పై సగాన్ని చూసింది.

"పైన పొడిగ ఉన్నది మంచిగనే ఉందిగ సారూ," అంది. "గా కోతులేంది, తడి చూసి చూసి చింపుతయా?"

ఆయన పై సగాన్ని బొటనవేళ్ళతో లాగి చూశారు, బురదలోంచి కింది ముక్క తీసి వేళ్ళతో నలిపి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఆ ఇనుమును పట్టి కట్టే మందు పేరేమిటో ఇంకోసారి చెప్పమన్నారు.